చెప్పింది రాసే మనిషి

జూన్ 3, సోమవారం

ఇరవై రెండు రోజుల తరువాత ఇల్లు దాటాను.

అన్నయ్య పేపరులో ఒక ప్రకటన చుట్టూ ఎర్రగీత గీసి నా పళ్ళెం పక్కన పెట్టాడు. చూపు లేనివాళ్ళకు పరీక్షలు రాసిపెట్టే మనుషులు కావాలట. "మాట్లాడక్కర్లేదట. రాస్తే చాలట. ఎవరో నిన్ను చూసే వేయించినట్టున్నారే," అన్నాడు. అమ్మ వాడిని కసిరింది. కసిరి నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేకే వెళ్ళాను.

బడిలో ఏం జరిగిందో రాయను. ఏడో తరగతి పిల్లలు నలభై మంది, చేతిలో సుద్దముక్క, నోట్లోంచి రాని మాట. రాజీనామా కాగితం మాత్రం చక్కగా రాశాను. ఒక్క కొట్టివేత లేదు.

అంధుల సంఘం ఆఫీసులో గుమస్తా ఒక పాత ఫారం ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది, అచ్చు సగం వెలిసిపోయింది. అడుగున ఒక గడి: "అమాన్యుయెన్సిస్ సంతకం."

"అదేమిటో మాకూ తెలీదండీ. నేను చేరినప్పట్నుంచీ అక్కడే ఉంది. ఏదో జబ్బు పేరులా లేదూ? మీరు సంతకం పెట్టేయండి, ఏం కాదు," అన్నాడు.

నాకు తెలుసు. చెప్పలేదు.

మా కాన్వెంటులో పెద్ద సిస్టర్‌కి చేతులు వణికేవి. తొమ్మిదో తరగతి నుంచి ఆవిడ ఉత్తరాలు నేనే రాసేదాన్ని. ఒకసారి ఎవరో అతిథి వస్తే నన్ను చూపించి, "మా అమాన్యుయెన్సిస్," అంది. ఆ సాయంత్రమే నిఘంటువు తీశాను. ఒకరు చెబుతుండగా రాసే మనిషి. లాటిన్‌లో దాని వేరు, చేతిపనికి పెట్టుకున్న బానిస. "ఈ మాట ఇప్పుడు ఎవరూ వాడరు. పని మాత్రం పోలేదు," అని సిస్టర్ చెప్పింది. "మంచి అమాన్యుయెన్సిస్ గదిలో ఉన్నట్టే తెలియకూడదు."

పద్నాలుగేళ్ళ వయసులో అంత అందమైన మాట నేను వినలేదు. గదిలో ఉండి, ఉన్నట్టు తెలియకపోవడం.

తెలుగులో రాయసకాడు అని ఉంది. ఆడవాళ్ళు ఆ పని చేస్తే ఏమంటారో తెలియదు.

జూన్ 5, బుధవారం

రాసిపెట్టమని నాకు అప్పగించిన మనిషి ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. ఆరేళ్ళుగా కొంచెం కొంచెంగా చూపు పోయి, ఇప్పుడు పూర్తిగా లేదు. టెలిఫోన్ గది మెట్ల కింద ఉంది. నిలబడితే నా తల పైకప్పుకు తగులుతుంది. ఆవిడకు తగలదు, పొట్టి మనిషి. బోర్డు మీద వేళ్ళు అటూ ఇటూ పోతుంటాయి. నోరు ఒకరితో మాట్లాడుతుంటే చెయ్యి ఇంకొకరికి లైను కలుపుతుంది.

"ఎవరూ?"

"నేనండీ."

"అందరూ నేనే. నువ్వు ఏ నేను?"

చెప్పాను. ఆవిడకు వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

"గొంతు ఇంట్లో మర్చిపోయి వచ్చావా అమ్మాయ్? పర్లేదులే. నా గొంతు ఇద్దరికి సరిపోతుంది."

నిజంగానే సరిపోతుంది.

సూపర్‌వైజర్ పరీక్ష. నవంబరుకు ఆవిడకు నలభై అయిదు నిండుతాయి, ఆ తరువాత రాయనివ్వరు. ఇప్పటికే రెండుసార్లు తప్పారు. వచ్చే ఏడాది కొత్త బోర్డు వస్తోంది, అది తనంతట తానే లైన్లు కలుపుకుంటుంది. దాని మీద ఒక్క సూపర్‌వైజర్ చాలు. మిగతా ఆపరేటర్లను పాత ఫైళ్ళ గదికి పంపుతారట.

"ఫైళ్ళ గదిలో నేనేం చేస్తానమ్మా? వాసన చూసి వరసలో పెట్టనా?" అని నవ్వారు. నవ్వు పూర్తయ్యాక బోర్డు మీద చెయ్యి అలాగే ఉంచారు, లైను ఏదీ మోగకపోయినా.

జూన్ 10, సోమవారం

రోజూ వెళుతున్నాను. నిబంధనల పుస్తకం చదివి వినిపించాలి. నూట పన్నెండు పేజీలు. మొదటి రోజు నా గొంతు మూడో పేజీకే ఆగిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. ఎవరికో లైను కలిపి, "చెప్పండి, ఆసుపత్రి," అని, నేను మళ్ళీ మొదలు పెట్టేదాకా ఆగారు. ఈ రోజు ముప్పై పేజీలు చదివాను.

పైకి చదువుతున్నానని ఇంట్లో చెప్పలేదు.

జూన్ 14, శుక్రవారం

నియమాలు ఇచ్చారు. రాసే మనిషి ప్రశ్న అడగకూడదు. జవాబు సూచించకూడదు. వినపడకపోతే "మళ్ళీ చెప్పండి" అనొచ్చు, అంతకు మించి ఒక్క మాట అనకూడదు. చివర రాసింది రాసినట్టు చదివి వినిపించాలి.

"ముఖంతో కూడా సైగలు చేయకూడదట," అని చదివాను.

"చెయ్యి, చెయ్యి. నాకు భలే ఉపయోగం," అన్నారు.

నాకూ నవ్వొచ్చింది. పైకి.

జూన్ 17, సోమవారం

పుస్తకం ఆవిడకు కంఠతా వచ్చేసింది. నాకూ వచ్చేసింది, అది వేరే సంగతి. నలభై ఒకటో పేజీ: ఆసుపత్రిలో మంటలు లేచాయని ఫోను వస్తే ఎవరికి ఏ వరసలో చెప్పాలి. ముందు సూపరింటెండెంటు గారికి, తరువాత అగ్నిమాపక కేంద్రానికి, ఆ తరువాత పక్క వార్డులకు. ఆ పేజీని మాత్రం ఎక్కం అప్పగించినట్టు గబగబా చెప్పేస్తారు. అదే కాగితం గోడ మీద బోర్డు పక్కన కూడా అతికించి ఉంది.

పక్క కుర్చీలో నేను ఉన్నానని ఆవిడ అప్పుడప్పుడు మర్చిపోతారు. అది నాకు ఇష్టం.

జూన్ 22, శనివారం

పరీక్ష అయిపోయింది. బాగా జరిగింది.

మా ఇద్దరినీ విడిగా ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒక కాపలా మాస్టారు, చేతిలో ఆ రోజు వార్తల పేపరు. ఆవిడ చెప్పారు, నేను రాశాను. చేతికి చెప్పిన మాట తప్ప ఇంకేమీ లేదు. సిస్టర్ చూస్తే సంతోషించేది.

ఏడో ప్రశ్న మంటల గురించే. పది మార్కులు. ఆవిడ తడబడ్డారు. వరస తలకిందులుగా చెప్పారు: ముందు పక్క వార్డులు, తరువాత అగ్నిమాపక కేంద్రం, చివర సూపరింటెండెంటు. "మళ్ళీ చెప్పండి," అన్నాను. మళ్ళీ అలాగే చెప్పారు. రెండు గంటలు వరసగా చెప్పి అలిసిపోయి ఉన్నారు. ఆ వరస ఆవిడకు వచ్చని నాకు తెలుసు, ఇరవై సార్లు విన్నాను. ఆవిడ చెప్పాలనుకున్నది రాశాను.

పుస్తకంలో ఉన్న వరసే రాశాను. చెయ్యి జారితే అక్షరం దిద్దినట్టు.

చివర చదివి వినిపించాను. సరే అన్నారు.

జూన్ 23, ఆదివారం

నేను చేసింది దిద్దడం. మార్చడం కాదు.

జూన్ 24, సోమవారం

టెలిఫోన్ గదికి వెళ్ళాను. పరీక్ష అయిపోయింది కాబట్టి వెళ్ళాల్సిన పని లేదు. ఆవిడ టీ తెప్పించారు. రెండు గ్లాసులు, నాది అంచు దాకా.

"ఏడో ప్రశ్న రాసేటప్పుడు నీ చెయ్యి ఆగింది. విన్నాను," అన్నారు.

నేను గ్లాసు కింద పెట్టాను.

"కంగారు పడ్డావు కదూ, ఈవిడకు మతి పోయిందని. పోలేదమ్మా. కావాలనే చెప్పాను."

ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"పదకొండేళ్ళ కిందట. అప్పుడు నాకు బాగా కనిపించేది. రెండో అంతస్తులో మంటలని ఫోను వచ్చింది. గోడ మీద కాగితం ఉందిగా, చూశాను. ముందు సూపరింటెండెంటుకి చేశాను. ఎత్తలేదు. ఆయన ఎత్తితేగాని రెండోది చేయకూడదు, అదీ రూలు. మోగిస్తూనే ఉన్నాను. ఆరు నిమిషాలు. పక్క వార్డు నర్సులు ఆ మంటలకు అయిదడుగుల దూరంలో ఉన్నారు, నేను ఒక్క బటన్ నొక్కితే చాలు. నొక్కలేదు. పదహారో మంచం మీద ఒకావిడ ఉండేది. నడవలేని మనిషి. పొగకి పోయింది."

ఎవరో లైనులోకి వచ్చారు. "చెప్పండి, ఆసుపత్రి," అన్నారు మామూలు గొంతుతో. కలిపారు.

"విచారణ జరిగింది. నా తప్పేం లేదన్నారు. నిబంధన ప్రకారం నడుచుకుంది అని రాసి నాకో కాగితం కూడా ఇచ్చారు. నువ్వు చూస్తావా? బీరువాలో ఉంది. మెచ్చుకోలు కాగితం అది." టీ ఒక గుక్క తాగారు. "రెండుసార్లు పరీక్ష రాశాను. రెండుసార్లూ ఈ ప్రశ్న రాలేదు. ఈసారి వచ్చింది. మార్కులు పోతే పోనీ, ఆ కాగితం దిద్దే మనిషి ఒక్కడైనా చదువుతాడు కదా అనుకున్నాను."

నేను మాట్లాడలేదు. ఆవిడకు అది అలవాటే.

జూన్ 25

చెప్పాలి.

జూన్ 26

రేపు చెప్పాలి.

జూలై 1, సోమవారం

అమ్మకు తలనొప్పి. వెళ్ళలేదు.

జూలై 8, సోమవారం

అమ్మకు తలనొప్పి లేదు.

నిఘంటువు మళ్ళీ తీశాను. అమాన్యుయెన్సిస్. అర్థం మారలేదు. దాని వాడుకకు ఒక వాక్యం ఇచ్చారు: చూపు మందగించాక ఆయన తన గ్రంథమంతా కూతురు చేత రాయించాడు, ఆమె ఆయనకు నమ్మకమైన అమాన్యుయెన్సిస్. నమ్మకమైన అనే మాట మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 22న ఇక్కడ ఒక సంగతి రాయలేదు. ఈ పుస్తకం ఎవరూ చదవరు, అయినా రాయలేదు.

చివర చదివి వినిపించాను అని రాశాను. ఏం చదివానో రాయలేదు. ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద ఒకటి ఉంది, నా నోటి నుంచి ఇంకొకటి వచ్చింది. ముందు పక్క వార్డులు, తరువాత అగ్నిమాపక కేంద్రం, చివర సూపరింటెండెంటు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే చదివాను. గొంతు వణకలేదు. నలభై మంది పిల్లల ముందు రాని గొంతు ఎంత చక్కగా వచ్చిందో.

తడబడ్డారని నిజంగా నమ్మి ఉంటే, అలా చదవాల్సిన అవసరం ఏముంది?

జూలై 9

ఆవిడ మంచి కోసమే.

జూలై 10

ఆవిడ మంచి కోసమే చేశాను.

ఆగస్టు 2, శుక్రవారం

ఫలితాలు వచ్చాయి. ఆపరేటర్ గారు మా ఇంటికి ఫోను చేశారు. అమ్మ ఎత్తింది. "ఎవరో ఆసుపత్రి అంటున్నారు," అని కంగారుగా నాకిచ్చింది.

"అమ్మాయ్, పాసయ్యాం!"

నూటికి యాభై ఆరు. యాభై వస్తే చాలు. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో కాగితం వచ్చిందట, గుమస్తా చేత చదివించుకున్నారు. ఏడో ప్రశ్నకు పదికి పది.

"పదికి పది! విన్నావా? సున్నా వస్తుందనుకున్నాను. పైన ఎవరో ఒక మనిషి ఉన్నాడమ్మా. చదివి, నిజమే అన్నాడు." ఆవిడ ఏడుస్తున్నారు. ఆ గొంతు ఏడవగలదని నాకు తెలియదు.

అన్నయ్య పక్కనుంచి, "మరి మా చెల్లికేమీ లేదా, చెయ్యి నొప్పెట్టేలా రాసింది కదా," అన్నాడు.

పదికి పది. యాభై ఆరులోంచి పది తీస్తే నలభై ఆరు.

ఆగస్టు 5, సోమవారం

గోడ మీద పాత కాగితం తీసేస్తారట. ఆవిడ చెప్పిన వరసతో కొత్తది నేను రాయాలట, పెద్ద అక్షరాలతో. మిగతా షిఫ్టుల్లో ఇంకో ఇద్దరు ఆపరేటర్లున్నారు, వాళ్ళ కోసం. పైన ఒక వాక్యం: ఈ వరసను శాఖవారు పరీక్షలో ఆమోదించారు.

నాకు తోచింది ఇది. కొత్త వరసే మంచిది. అది గోడ మీదికి వస్తుంది. ఆవిడ ఫైళ్ళ గదికి వెళ్ళరు. ఆవిడ సంతోషంగా ఉన్నారు. నేను నోరు మూసుకుంటే ఎవరికి నష్టం? నోరు మూసుకోవడం నాకు బాగా వచ్చిన పని.

అట్ట తీసుకుని కూర్చున్నాను. పై వాక్యం వదిలేసి మిగతాది రాశాను. "పైది కూడా రాశావా?" అని అడిగారు. సిరా అయిపోయిందన్నాను.

ఆగస్టు 8, గురువారం

"రేపు నాతో రావాలి నువ్వు. పదహారో మంచం కూతురి దగ్గరికి వెళ్ళాలి. బట్టల కొట్టులో కుట్టుపని చేస్తుందట. పదకొండేళ్ళుగా ఆ అమ్మాయి ముందు నిలబడలేకపోయాను. ఇప్పుడు నిలబడతాను. మీ అమ్మ చావు రాసిపెట్టి ఉండి కాదు, ఆ వరస తప్పు, శాఖవాళ్ళే ఒప్పుకున్నారు అని చెబుతాను. నా జవాబు నువ్వు చదివి వినిపించు."

సరే అన్నాను.

సరే అన్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

బస్సు స్టాపులో బల్ల మీద కూర్చున్నాం. పదకొండు గంటలు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకున్నారు, సంచీలో మార్కుల కాగితం. చెయ్యి నా మోచేతి మీద ఉంది.

"మన బస్సు నంబరు వస్తే చెప్పు."

"అక్కా," అన్నాను. ఇంతకు ముందు ఎప్పుడూ అలా పిలవలేదు. "ఏడో ప్రశ్న మీరు చెప్పింది నేను రాయలేదు."

ఆవిడ తల నా వైపు తిప్పారు. "ఏమన్నావు? గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాను. పక్కన నిలబడ్డ ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. పుస్తకంలో ఉన్నదే రాశానని, ఆవిడ తప్పుతారని భయపడ్డానని, చివర కాగితం మీద లేనిది చదివానని. అన్నీ చెప్పాను. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలు పెట్టలేనని తెలుసు.

మోచేతి మీద చెయ్యి తీసేశారు.

మా బస్సు వచ్చింది. చెప్పాను. ఆవిడ లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది. అది కూడా వెళ్ళిపోయింది.

"అయితే ఎవరూ చదవలేదన్నమాట," అన్నారు చివరికి.

"లేదు."

"నాకిచ్చిన పదీ ఆ గోడ మీది కాగితానికే ఇచ్చారన్నమాట. మళ్ళీ మెచ్చుకున్నారు." నవ్వబోయారు. రాలేదు. "నన్ను అడిగి ఉంటే?"

"అడగకూడదన్నారు, నియమం."

"నియమం," అన్నారు. ఆ మాటను నోట్లో కాసేపు ఉంచుకుని, "నువ్వూ నాలాంటిదానివే. మోగిస్తూనే కూర్చున్నావు," అన్నారు.

నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తున్నానని ఆవిడకు తెలిసింది, ఊపిరిని బట్టి. ఓదార్చలేదు. మంచిదే.

"ఆ అమ్మాయి దగ్గరికి ఈ రోజు వెళ్ళను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? వెళ్ళేటప్పుడు ఒక్కదాన్నే వెళతాను, శాఖ పేరు చెప్పను. నేను ఫోను చేయలేదు అని చెబుతాను." నా వైపు తిరిగి, "కాగితం ఉందా?" అన్నారు.

నా సంచీలో ఈ డైరీ ఉంది. చివరి నుంచి రెండు కాగితాలు చింపాను.

"పరీక్షల అధికారి గారికి. రాయి. నా పత్రంలో ఏడో ప్రశ్నకు ఉన్న జవాబు నాది కాదు. దానికిచ్చిన పది మార్కులు తీసేయమని కోరుతున్నాను."

"అక్కా, నలభై ఆరే అవుతాయి. ఫైళ్ళ గది..."

"లెక్క నాకూ వచ్చు. రాయి. నేను చెప్పిన జవాబు ఇది." వరస చెప్పారు. దాని కింద పదకొండేళ్ళ కిందటి సంగతి చెప్పారు. తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ఎవరు ఫోను ఎత్తలేదు, పదహారో మంచం మీద ఎవరున్నారు. ఆ రోజు టీ తాగుతూ నాకు చెప్పినట్టు కాదు. ఒక్కో వాక్యం ఆగి ఆగి, రాతిలో చెక్కిస్తున్నట్టు చెప్పారు. పేజీన్నర అయింది. నేను ఒక్కచోట కూడా "మళ్ళీ చెప్పండి" అనలేదు.

"ఇప్పుడు ఇది రాయి. నా తరఫున రాసిన అమ్మాయి..." ఆగారు. "ఆ సంఘం ఫారంలో రాసేవాళ్ళకు ఏదో పేరుందే?"

"అమాన్యుయెన్సిస్."

"ఏంటి దానర్థం?"

చెప్పాను. చెప్పింది రాసే మనిషి అని.

"ఊఁ. మంచి మాటే. అదే రాయి. నా అమాన్యుయెన్సిస్ ఆ జవాబును పొరపాటున అలా రాసింది. ఆమె మీద ఏ చర్యా తీసుకోవద్దు."

పెన్ను ఆగింది. ఆవిడకు వినపడింది.

"పొరపాటున కాదక్కా. తెలిసే రాశాను. మీరే విన్నారు కదా ఇప్పుడు."

"విన్నాను."

"మరి అబద్ధం..."

"ఎవరి ఉత్తరం ఇది?"

"మీది."

"అయితే నేను చెప్పింది రాయి."

బస్సు ఒకటి వచ్చి ఆగింది, జనం దిగారు, ఎక్కారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ తొందర పెట్టలేదు. నా మోచెయ్యి కోసం చేత్తో వెతికి, దొరికాక అక్కడే ఉంచారు.

ఆ మాట నాది కాదు. నేనైతే దాన్ని నాకు ఇచ్చుకోను. అది ఆవిడ మాట.

పొరపాటున, అని రాశాను.